ఇటీవలి తెలుగు సినిమాల్లో మాట: సర్జాపుర నుంచి కొన్ని పరిశీలనలు

మేము సినిమా విమర్శకులం కాము. భాషాశాస్త్రం మా వృత్తి, సినిమా చూడటం మా వ్యసనం. ఈ రెంటికీ ముడిపెట్టి రాయవలసిన అవసరం ఇన్నాళ్ళూ కలగలేదు. ఇప్పుడు కలిగించింది సర్జాపుర బస్టాండు దగ్గర పూలమ్మే ఒక అవ్వ.

ఆమె దగ్గర ఆరేడు సంవత్సరాలుగా పూలు కొంటున్నాం. మొదట్లో బేరమంతా కన్నడంలోనే సాగేది. ఒకనాడు ఆమె మనవడిని "యాడికి పోతా ఉండావురా, ఈడికి రా" అని కేకవెయ్యటం విని, "మీరు తెలుగువాళ్ళా అవ్వా?" అని అడిగాం. "మాదేమి తెలుగు సామీ, ఏదో ఇంట్లో మాట్లాడుకుండేది. తెలుగంటే సినిమాలో మాట్లాడతారే, అది" అన్నది. మనవడిని పిలిచిన మాటలో తెలుగు కానిది ఒక్క అక్షరం లేదు. అయినా తనది తెలుగని ఆమె అనుకోవటం లేదు. అలా అనుకోకుండా చేసింది ఎవరో కూడా ఆమే చెప్పింది.

సర్జాపుర అంటే ఈనాడు చాలామందికి సాఫ్ట్‌వేర్ కార్యాలయాలూ, ఎత్తయిన అపార్టుమెంట్లూ ఉన్న ఒక రోడ్డు పేరు. ఆ రోడ్డు చివర ఒక పాత ఊరు ఉన్నదనీ, అది ఆనేకల్ తాలూకాలోదనీ, అక్కడి నుంచి ఒక దారి బాగలూరు మీదుగా హోసూరుకూ, మరొకటి మాలూరు మీదుగా కోలారుకూ పోతాయనీ, కోలారు దాటితే ముళబాగిలు, అదీ దాటితే చిత్తూరు జిల్లా అనీ, ఈ దారుల పొడుగునా తెలుగు ఎన్నో తరాలుగా ఇంటిభాష అనీ ఎరిగినవాళ్ళు తక్కువ. మొరసునాడు అని ఈ ప్రాంతానికి పాతపేరు.

మా తరగతిలో విద్యార్థులు రెండు రకాలు. గుంటూరు, హైదరాబాదు, విశాఖల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ పిల్లలు కొందరు. ఈ మొరసునాటి పిల్లలు కొందరు. మొదటివాళ్ళు తెలుగు మాట్లాడతారు, చదవటం అంతంతమాత్రం. రెండోవాళ్ళు ఇంట్లో మాట్లాడతారు, తరగతిలో నోరు విప్పరు. ఇద్దరికీ మంచి తెలుగు ఏదో నేర్పిన గురువు బడి కాదు, పుస్తకం కాదు, సినిమా. ఆంధ్ర, తెలంగాణాల్లో ఉన్న పిల్లవాడికి సినిమాలో వినపడని తెలుగు సంతలోనో, బస్సులోనో వినపడుతుంది. బయట ఉన్నవాళ్ళకు ఆ సావకాశం లేదు. అందువల్ల సినిమా దేన్ని తెలుగుగా చూపిస్తున్నది అనే ప్రశ్న మనకు కాలక్షేపపు ప్రశ్న కాదు.

ముందుగా ఒక చిన్న చరిత్ర. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయింది. దాని దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి బెంగుళూరులో పుట్టి పెరిగినవాడు. అంతకు ముందు సంవత్సరం ఆయనే తీసిన 'కాళిదాస్' తొలి తమిళ టాకీగా ప్రసిద్ధం. కాని అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో మాట్లాడతాడు. ఇక తొలి కన్నడ టాకీ 'సతీ సులోచన' (1934) దర్శకుడు వై.వి. రావు నెల్లూరు తెలుగువాడు. అంటే తెలుగు తెర మీద మొదటి మాట పలికించినవాడు మన ఊరివాడు, కన్నడ తెర మీద మొదటి మాట పలికించినవాడు నెల్లూరివాడు. ఈ మధ్య కనిపెట్టినట్టు చెబుతున్న 'పాన్ ఇండియా' అనే మాటకు తొంభై ఏళ్ళ కిందటే రూపం ఉన్నదని ఎవరైనా వాదిస్తే మేము అడ్డుచెప్పం.

అయితే ఆ మొదటి మాట ఏ తెలుగు? తొలి సినిమాలు నాటకాల నుంచి వచ్చాయి, వాటితోపాటు నాటకాల గ్రాంథికమూ వచ్చింది. సాంఘికాలు రావటంతో వ్యావహారికం వచ్చింది. గిడుగు రామమూర్తి (1863–1940) పోరాడి సాధించిపెట్టిన శిష్టవ్యవహారం అది. ఆచరణలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకొన్నవాళ్ళ మాట. పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ, రేడియో, సినిమా అన్నీ దాన్నే తీసుకొన్నాయి. ఇది కుట్ర ఏమీ కాదు. ప్రతి భాషలోనూ ఏదో ఒక ప్రాంతపు మాట ఇట్లా పైకి వస్తుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక ప్రాంతపు మాట ప్రమాణం కాగానే తక్కినవన్నీ తప్పులని జనం నమ్మటం మొదలుపెట్టారు.

తప్పులో కావో ఒక్క క్రియతో చూద్దాం. భద్రిరాజు కృష్ణమూర్తి 'మాండలిక వృత్తి పదకోశం' (మొదటి సంపుటం 1962, వ్యవసాయ పదాలు) కోసం జరిపిన పరిశోధన ఆధారంగా తెలుగును నాలుగు మండలాలుగా విభజించారు: కళింగాంధ్రతో కూడిన పూర్వమండలం, రాయలసీమ ప్రధానంగా దక్షిణమండలం, తెలంగాణా ఉత్తరమండలం, కోస్తా మధ్యమండలం. భూతకాలంలో ఒక మగవాడు రావటాన్ని ఈ నాలుగు చోట్లా ఎట్లా చెబుతారు? మధ్యమండలంలో 'వచ్చాడు', ఉత్తరాన 'వచ్చిండు', దక్షిణాన 'వచ్చినాడు', తూర్పున 'వచ్చేడు'. కావ్యభాషలో ఉన్న రూపం 'వచ్చినాఁడు'. అది 'వచ్చిన వాఁడు' అనే రెండు మాటల కలయిక నుంచి వచ్చింది. దానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది రాయలసీమవాళ్ళది. 'వచ్చిండు'లో ఆ నకారం ఇంకా వినపడుతూనే ఉన్నది. నకారాన్ని పూర్తిగా పోగొట్టుకొన్నది 'వచ్చాడు'. పోగొట్టుకోవటం నేరం కాదు, భాషలు మారేదే అట్లా. కాని మిగుల్చుకొన్నవాడిని పట్టుకొని నీది తప్పు అనటం ఏ శాస్త్రమో మాకు తెలియదు.

తెలియదంటున్నాం గాని, ఆ పని మేము కూడా చేశాం. పాతికేళ్ళ కిందట, అప్పటికి మాకు డాక్టరేటు వచ్చి ఏడాది కాలేదు, ఒక కళాశాలలో పాఠం చెబుతున్నాం. ఒక కుర్రవాడు వ్యాసంలో 'మా తాత ఈ ఊరికి నడిచి వచ్చినాడు' అని రాశాడు. ఎర్రసిరాతో కొట్టివేసి పైన 'వచ్చాడు' అని దిద్దాం. ఆ పేజీలో అట్లాంటివి పదకొండు దిద్దుబాట్లు. ఆ మరుసటి సంవత్సరం అతను ఐచ్ఛికంగా కన్నడం తీసుకొన్నాడు. ఎందుకని మేము అడగలేదు. మాండలికాల మీద మేము రాసిన సిద్ధాంతగ్రంథం అప్పుడు మా బీరువాలోనే ఉన్నది.

సినిమా సంగతికి వద్దాం. మాండలికాలు పాత సినిమాల్లో లేవని కాదు, ఉన్నాయి. ఎవరి నోట ఉన్నాయో చూడాలి. పనివాడి నోట, రౌడీ నోట, నవ్వించటానికి వచ్చిన బావమరిది నోట. 'ప్రతిఘటన' (1985)లో కాశయ్య పాత్రకు కోట శ్రీనివాసరావు తెలంగాణా యాస పట్టుకొని గొప్ప పేరు తెచ్చుకొన్నారు. ఆయన కృష్ణాజిల్లా కంకిపాడువారు. నటుడుగా అది ఆయన ప్రతిభ, అందులో సందేహం లేదు. ఆ ప్రతిభను చూసి పరిశ్రమ నేర్చుకొన్న పాఠం మాత్రం ఆ యాసకు తగినవాడు దుర్మార్గుడు అని. రాయలసీమది మరొక కథ. జయప్రకాశ్ రెడ్డి 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) వంటి చిత్రాల్లో తన సొంత కర్నూలు మాటను పూర్తి బలంతో వినిపించారు. వింటూంటే చెవికి పండగ. కాని ఆ కోవ సినిమాల్లో చాలావాటిలో నాయకుడు అదే సీమలో పుట్టినవాడైనా మామూలు సినిమా తెలుగే మాట్లాడతాడు. ఊరొకటే, వంశమొకటే, కత్తి పట్టినవాడికి ఒక భాష, పూలదండ పడబోయేవాడికి ఒక భాష.

మినహాయింపులు లేకపోలేదు. బి. నరసింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' (1979) ఉన్నది. 'మొండిమొగుడు పెంకిపెళ్ళాం' (1992)లో విజయశాంతి నాయికగా తెలంగాణా మాట మాట్లాడింది. ఇవి దారి చూపాయి గాని, చాలాకాలం ఎవరూ ఆ దారిన నడవలేదు.

ఇందుకు సాంకేతిక కారణం కూడా ఒకటి ఉన్నది. విద్యార్థులు దీన్ని తరచుగా గమనించరు. మన సినిమాల్లో వినపడే గొంతు చిత్రీకరణ నాటిది కాదు. షూటింగులో జనరేటరు మోత, జనం గోల, పక్కన నిలబడి సంభాషణ అందించే సహాయకుడి గొంతు అన్నీ కలిసి ఉంటాయి. ఆ ధ్వనిని గుర్తుకోసం మాత్రం ఉంచుకొని, తరవాత స్టూడియోలో బొమ్మ చూస్తూ పెదవుల కదలికకు సరిపోయేట్టు మళ్ళీ చెబుతారు. నాయిక ముంబాయి నుంచో, కేరళ నుంచో వచ్చిన అమ్మాయి అయితే ఆమెకు మరొకరు చెబుతారు. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంత నోట మనం విన్నది గాయని చిన్మయి గొంతు. రాజశేఖర్ చాలా చిత్రాల్లో మాట్లాడింది సాయికుమార్ గొంతుతో. ఆ సాయికుమారే 'పోలీస్ స్టోరీ' (1996)తో కన్నడంలో కథానాయకుడు అయ్యారు. బెంగుళూరులో ఆయన డైలాగులు అప్పగించని ఆటోడ్రైవరు ఆ రోజుల్లో మాకు తటస్థపడలేదు. గాత్రదానం గొప్ప కళ, దాన్ని మేము తక్కువ చెయ్యటం లేదు. కాని ముఖం ఒకరిది, గొంతు ఒకరిది, మాట రాసిన చెయ్యి ఇంకొకరిది అయినప్పుడు ఆ ముగ్గురికీ ఉమ్మడిగా ఉండేది ప్రమాణభాష ఒక్కటే. మూడు చేతులు మారే సరికి మాండలికంలో మిగిలేది పైపూత: ఒక 'బిడ్డా', ఒక 'ఏందిరా', ఒక 'అబ్బీ'. క్రియలు మాత్రం కోస్తావే.

గత పదేళ్ళలో ఇది మారింది. మారటానికి కారణాలు చాలా ఉన్నాయి. 2014లో తెలంగాణా రాష్ట్రం ఏర్పడటం ఒకటి. చిత్రీకరణ సమయంలోనే ధ్వనిని తీసుకొనే సింక్ సౌండ్ పద్ధతి చిన్న సినిమాలకు కూడా అందుబాటులోకి రావటం ఒకటి. ఇంట్లో కూర్చొని చూసే వేదికలు రావటం మరొకటి. తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' (2016)కు సంభాషణలకు జాతీయ పురస్కారం వచ్చింది. అందులో హైదరాబాదు కుర్రవాళ్ళు హైదరాబాదు కుర్రవాళ్ళలాగే మాట్లాడతారు. ఇంత మామూలు సంగతి పురస్కారానికి అర్హమయింది అంటేనే అంతకు ముందు పరిస్థితి అర్థమవుతుంది. 2018లో వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీశారు. విశాఖపట్నంలోని ఆ పేటలో, ఎక్కువభాగం ఆ పేటవాళ్ళనే నటులుగా పెట్టుకొని, వాళ్ళ గొంతులు అక్కడికక్కడే తీసుకొని చేసిన సినిమా. కరుణకుమార్ 'పలాస 1978' (2020)లో శ్రీకాకుళం మాట నవ్వించటానికి కాకుండా కోపంతో వినిపించింది.

మొరసునాటి విద్యార్థులకు వీటన్నిటికన్నా 'ఫిదా' (2017) ముఖ్యమని మేము చెబుతాం. అందులో బాన్సువాడ అమ్మాయిగా నటించిన సాయిపల్లవి నీలగిరి కొండల్లోని బడగ కుటుంబం పిల్ల. బడగ కన్నడానికి దగ్గరి భాష. ఆ అమ్మాయి తెలంగాణా తెలుగు నేర్చుకొని తన గొంతుతోనే చెప్పుకొన్నది. తెలంగాణా ప్రేక్షకులు ఆమెను తమ పిల్ల అనుకొన్నారు. పుట్టుకతో రాని మాండలికాన్ని ఆమె అంత శ్రద్ధగా నేర్చుకొంటే, పుట్టుకతో వచ్చినదాన్ని మనవాళ్ళు దాచుకొంటున్నారు.

ఒక సినిమా మాండలికాన్ని గౌరవిస్తున్నదో, వాడుకొంటున్నదో తెలుసుకోవటానికి మేము ఒక పద్ధతి పాటిస్తాం. హాస్యసన్నివేశాన్ని వదిలివెయ్యండి, అక్కడ అందరికీ మాండలికం వస్తుంది. ఏడుపు సన్నివేశంలో వినండి. తల్లి చచ్చిపోయినప్పుడు, ప్రేమించిన మనిషి వెళ్ళిపోయినప్పుడు పాత్ర ఏ క్రియలతో మాట్లాడుతున్నదో చెవి పెట్టి వినండి. చాలా సినిమాల్లో అంతవరకూ 'పోతుండు, వస్తుండు' అన్న మనిషి దుఃఖం రాగానే 'వెళ్ళిపోతున్నాడు' అంటాడు. దుఃఖానికి మర్యాద కావాలి, మర్యాదకు ప్రమాణభాష కావాలి అని రచయిత మనసులో ఎక్కడో ఉండిపోయింది.

ఈ పరీక్షలో 'బలగం' (2023) నూటికి నూరు తెచ్చుకొన్నది. హాస్యనటుడుగా పేరున్న వేణు ఎల్దండి తీసిన తొలి చిత్రం. ఇంటిపెద్ద చనిపోతాడు. పెట్టిన కూడును కాకి ముట్టదు. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిందని అర్థం. విడిపోయిన అన్నదమ్ములూ, ఆడబిడ్డా ఆ కాకి కోసం ఎదురుచూస్తూ కూర్చోవటమే కథ. చివర మొగిలయ్య, కొమురమ్మ అనే బుడగజంగాల కళాకారుల జంట పాట అందుకొంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. తెలంగాణా పల్లెల్లో రచ్చబండ దగ్గర తెరలు కట్టుకొని ఊరంతా కలిసి ఈ సినిమా చూశారు. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు. నలభై ఏళ్ళ కిందట నవ్వుకూ, దౌర్జన్యానికీ మాత్రమే పనికివచ్చిన మాటలో ఊళ్ళకు ఊళ్ళు కూర్చొని ఏడ్చాయి. ఆ ఏడుస్తున్నవాళ్ళలో కోస్తావాళ్ళూ ఉన్నారు. సర్జాపుర రోడ్డు మీది మల్టీప్లెక్సులో మా పక్క కుర్చీలో కూర్చొన్న గుంటూరు పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవటం మేము చూశాం. సినిమా అయ్యాక, కొన్ని మాటలు అర్థం కాలేదండీ అన్నారు. ఏడవటానికి అది అడ్డం రాలేదు మరి.

ఇక పెద్ద సినిమాలు. ఇక్కడ బెంగుళూరుకు సంబంధించిన ఒక విషయం చెప్పాలి. 1960ల నుంచి కర్ణాటకలో ఇతరభాషా చిత్రాలను కన్నడంలోకి డబ్ చెయ్యటంపై పరిశ్రమ తనకు తాను నిషేధం విధించుకొన్నది. కన్నడ చిత్రాలను కాపాడుకోవటం దాని ఉద్దేశం. ఎవరూ ఊహించని ఫలితం ఏమిటంటే, తెలుగు సినిమాలు ఇక్కడ తెలుగులోనే ఆడాయి. కన్నడిగులు తెలుగు వినివిని నేర్చుకొన్నారు. మా పక్కింటి కన్నడ దంపతులకు తెలుగు అట్లా వచ్చిందే. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ నిషేధం చెల్లదన్నది. 'ఆర్.ఆర్.ఆర్.' (2022) వంటివి కన్నడంలో కూడా వచ్చాయి. కన్నడిగుడు తన భాషలో సినిమా చూసుకొంటానంటే కాదనటానికి మనమెవరం? కాని ఐదు భాషల్లోకి వెళ్ళబోయే సినిమాకు మాట రాసేటప్పుడు రచయిత మీద ఒక ఒత్తిడి ఉంటుంది. అనువాదం కానిదేదీ మిగలకూడదు. మాటలు తగ్గుతాయి, నినాదాలు పెరుగుతాయి. 'మాయాబజారు' (1957)లో పింగళి నాగేంద్రరావు 'అస్మదీయులు'కు పోటీగా 'తస్మదీయులు' అని కొత్తమాట పుట్టిస్తే తెలుగువాళ్ళు దాన్ని నిఘంటువులోకి ఎక్కించినంత పని చేశారు. అట్లాంటి ఆట ఐదు భాషల సినిమాలో కష్టం.

'బాహుబలి' (2015)లో కాలకేయులకు మదన్ కార్కి 'కిలికి' అనే భాషను సుమారు 750 మాటలతో, వ్యాకరణంతో సహా తయారు చేశారు. భాషాశాస్త్రజ్ఞులుగా మాకు అది ఎంతో ముచ్చట కలిగించింది. లేని జాతికి వ్యాకరణం సమకూర్చినవాళ్ళే 'ఆర్.ఆర్.ఆర్.'లో కొమరం భీముడి చేత తెలంగాణా తెలుగు మాట్లాడించారు. భీముడు గోండు. గోండి తెలుగుకు అప్పచెల్లెలు వంటి ద్రావిడభాష. కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండి, కువి, కొండ ఒకే ఉపశాఖలో ఉంటాయి. నాలుగు గోండి మాటలు వినిపించి ఉంటే చూసేవాళ్ళకు భారమయ్యేదా?

మార్కెట్టు ఒప్పుకోదు అంటారు. ఆ వాదానికి జవాబు 'పుష్ప' (2021) రూపంలో ఉన్నది. కోనసీమకు చెందిన సుకుమార్ చిత్తూరు మాటలో తీసిన సినిమా. 'వస్తా ఉండా, చెప్తా ఉండా' అనే క్రియలు నాయకుడి నోట మొదటి నుంచి చివరి దాకా ఉంటాయి, ప్రేమలోనూ, అవమానంలోనూ కూడా. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు ఉత్తమనటుడి జాతీయ పురస్కారం వచ్చింది. తెలుగు నటుడికి అది రావటం అదే మొదలు. హిందీలోకి వెళ్ళేసరికి ఆ చిత్తూరు రుచి అంతా పోయింది, అయినా హిందీవాళ్ళకు కావలసింది దొరికింది. రెండో భాగం (2024) వసూళ్ళలో హిందీ వాటా తెలుగు వాటాను మించింది. అంటే మాండలికంలో తియ్యటం వల్ల మార్కెట్టుకు నష్టం లేదు. మాకున్న అభ్యంతరం ఇంకొకటి. దక్షిణమండలపు తెలుగుకు తెర మీద చోటు దొరికిన ప్రతిసారీ చేతిలో గొడ్డలో, కత్తో ఉండాలా? చిత్తూరు మనిషి పాలు పితకడా, పెళ్ళిచూపులకు వెళ్ళడా?

వెళతాడు. ఆటో కూడా నడుపుతాడు. మన ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి సినిమా 'సినిమా బండి' 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల తొలి చిత్రం. నిర్మాతలు రాజ్, డీకే తిరుపతిలో ఇంజనీరింగు చదివినవాళ్ళు. ముళబాగిలు ప్రాంతంలో, రెండు రాష్ట్రాల సరిహద్దున తీశారు. కథలోని ఊరు గొల్లపల్లి. ఒక ఆటోడ్రైవరుకు ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దానితో ఊళ్ళోనే సినిమా తీసి, వచ్చిన డబ్బుతో ఊరిని బాగుచేద్దామని బయలుదేరతాడు. పెళ్ళిఫోటోలు తీసేవాడు ఛాయాగ్రాహకుడు, క్షౌరశాలవాడు నాయకుడు, కూరగాయలమ్మే అమ్మాయి నాయిక. ముందు షాటుకూ, తరవాతి షాటుకూ తేడాలు పట్టుకొనేది ఒక చిన్నపిల్లవాడు. సినిమా నిర్మాణాన్ని గురించి మేము చదివిన లావుపాటి పుస్తకాల్లో కన్నా ఆ పిల్లవాడిలో ఎక్కువ పాఠం ఉన్నది. నటులందరూ కొత్తవాళ్ళే. వాళ్ళు మాట్లాడే యాడ, ఈడ, ఉండాది మన అవ్వ మాటే. ఎవరూ దాన్ని చూసి నవ్వరు. వాళ్ళు పడే పాట్లు చూసి నవ్వుతాం.

సాహిత్యం ఈ పని ఎప్పుడో చేసింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాటలో రాసిన 'మిట్టూరోడి కథలు', స.వెం. రమేశ్ పులికాటు తీరపు మాటలో రాసిన 'ప్రళయకావేరి కథలు' పీఠం గ్రంథాలయంలో ఉన్నాయి. హోసూరు రచయితలు తమ ఇంటిమాటలోనే కథలు అచ్చువేసుకొన్నారు. కాని పూలమ్మే అవ్వ పుస్తకం చదవదు.

గత సంవత్సరం తరగతిలో ఒక పని పెట్టాం: ఫోనుతో పది నిమిషాల సినిమా తియ్యాలి, సంభాషణలు తెలుగులో ఉండాలి. ఆనేకల్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తన అవ్వ మీద తీస్తానన్నది. రాసుకొచ్చిన మొదటి సంభాషణ "నాయనమ్మా, భోజనం చేశావా?" అని.

"ఇంట్లో ఇట్లాగే అడుగుతావా?" అన్నాం.

"లేదు సార్. అవ్వా, అన్నం తింటివా అంటాం. సినిమాలో అట్లా పెడితే నవ్వుతారు సార్."

'తింటివా' అనే రూపం ఎక్కడిదో ఆ అమ్మాయికి చెప్పాం. తింటిని, తింటివి, వచ్చితిని, వచ్చితివి. ఇవి నన్నయ నాటి నుంచీ ఉన్న భూతకాలరూపాలు. కోస్తా మాటలో అవి పోయి 'తిన్నావా, వచ్చావా' నిలిచాయి. దక్షిణాన, ఉత్తరాన అవి ఇంకా బతికి ఉన్నాయి. 'వస్తివా' అంటే వచ్చావా అని. కోస్తా పిల్లవాడు దాన్ని 'వస్తావా' అని విని రేపు వస్తానని జవాబు చెబుతాడు. అది వినికిడి లోపమే గాని భాషాదోషం కాదు. ఆ అమ్మాయి అంతా విని, "అయినా నవ్వుతారు సార్" అన్నది.

వ్యాకరణం చెప్పినంత మాత్రాన సిగ్గు పోదు. మేము ఎర్రసిరాతో దిద్దిన కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. ఇంకేమీ చెప్పకుండా ఆ వారం తరగతిలో 'సినిమా బండి' వేశాం. తరవాత ఆ అమ్మాయి 'తింటివా' అని పెట్టి తీసింది. వాళ్ళ అవ్వే నటించింది, నటించింది అనటం కన్నా వంటచేసుకొంటూ మాట్లాడింది అనటం సరి. తరగతిలో చూపించినప్పుడు మొదటి రకం విద్యార్థులు ముగ్గురు నవ్వారు. ఆమె సినిమా ఆపి, "ఏముందని నవ్వేది?" అని అడిగింది. అదీ ఆ మాటలోనే అడిగింది. తరగతిలో ఆమె తెలుగు మాట్లాడటం మేము వినటం అదే మొదటిసారి.

పూలమ్మే అవ్వకు కూడా 'సినిమా బండి' చూపించాలని మాకు కోరిక. మనవడి ఫోనులో పెట్టించాం. నాలుగు రోజుల తరవాత వెళ్ళి, "చూసినారా అవ్వా, ఎట్లుండాది?" అని అడిగాం.

"సగం చూస్తి సామీ. ఆ ఆటో పిల్లోడు ఎవురిదో కెమెరా ఎత్తిపెట్టుకొన్నాడు. ఎవురిది వాళ్ళకి ఇచ్చేయల్ల కదా, పాపం ఆ పిల్ల ఎంత వెతుకులాడతా ఉంటాదో" అన్నది. మాట గురించి ఏమీ అనలేదు. మేము కూడా అడగలేదు. రెండు మూరలు మల్లెలు కొలిచి, ఆకులో చుట్టి ఇచ్చింది.